ఉండాం

మే మూడోవారం. కాకుటూరు క్యాంపస్.
హైవే మీద లారీల రొదకి కిటికీలు మూసి
ఇరవై ఆరుమంది పిల్లలకి
ఆదివాసీ అధ్యయనం చెబుతున్నాను.
పదిరోజుల కోర్సు, చివర్లో సర్టిఫికెట్, గ్రూపు ఫోటో.
సగంమంది
కంప్యూటర్ క్లాసులో సీటు దొరక్క ఇటొచ్చినవాళ్ళే.

మొదటిరోజు పరిచయాలు.
చివరి బెంచీలోంచి ఒకమ్మాయి లేచి
"నా పేరు చెంగమ్మ. మేం సూళ్ళూరుపేట పక్కన ఉండాం" అంది.
"ఉన్నాం, అనాలి" అన్నాను
వేళ్ళకంటిన చాక్‌పీసు పొడి దులుపుకున్నంత తేలిగ్గా.
"ఉన్నాం" అని కూర్చుంది.

నేనూ కావలిదాన్నే.
మా అమ్మ ఇప్పటికీ ఫోన్లో
"ఏం చేస్తా ఉండావు మే" అంటుంది.
తిరుపతిలో పీహెచ్‌డీ చేసిన అయిదేళ్ళలో
నా నోట్లోని "ఉండా"ని
హాస్టల్ కుళాయి కింద రుద్ది రుద్ది వదిలించుకున్నాను.

మూడోరోజు బోర్డు మీద పటం గీశాను.
అటు సముద్రం, ఇటు పులికాట్,
మధ్యలో చింతకాయంత దీవి.
"రాకెట్లు రాకముందు ఈ అడవిలో యానాదులు ఉండేవారు.
తేనె తీసేవారు. దుంపలు తవ్వేవారు."
ఉండేవారు, తీసేవారు, తవ్వేవారు:
ఇరవై అయిదు పెన్నులు కలిసి
ఒక జనాన్ని వెనక్కి నడిపించుకుపోతున్న చప్పుడు.

ఇరవై ఆరో పెన్ను మూత తియ్యలేదు.
"ఉండేవారు అని రాయాల్నా మేడం?
మేం ఉండాం గదా."

ఈసారి దిద్దలేకపోయాను.
నవ్వబోయిన లోహిత్ నా ముఖం చూసి ఆగాడు.
డస్టర్‌తో "వారు" చెరిపితే
"ఉండే" మిగిలింది,
అటూ ఇటూ కాని మాట, ఎవరో వచ్చి పూర్తిచెయ్యాల్సింది.
కోర్సు అయ్యేదాకా అది అలాగే ఉంది.
రోజూ దాని పక్కనుంచి మొదలుపెట్టి రాశాను.

ఆరోరోజు ఏడింటి బస్సులో
చెంగమ్మ తాత దిగాడు, గంధళ్ళ పెంచలయ్య.
గోనెసంచిలో అడుగున చిల్లున్న కుండ.
ప్రహరీ అవతల కోతకోసిన మడిగట్టున
వంగి మట్టి వాసన చూసి "ఈడ లేదు" అన్నాడు.
నాలుగడుగులేసి "ఈడ ఉండాది."
కుండలో గడ్డి కుక్కి, నిప్పంటించి
మూతిని బొక్కకానించి చిల్లులోంచి ఊదితే
పొగ మేం నిలబడ్డ చోట, మా చెప్పుల మధ్య లేచింది.
హర్షిణి కెవ్వుమంది.
"ఎలక దొడ్డిదోవ లేకుండా ఇల్లు కట్టదు పాపా."

తవ్వితే లోపల గది, గదినిండా వడ్లకంకులు,
మా స్టోర్ రూము కంటే పొందిగ్గా.
అంతా తియ్యలేదు. రెండు గుప్పిళ్ళు వదిలి
మట్టి కప్పాడు.
లోహిత్ ఫోటో తియ్యడం మర్చిపోయాడు.
"తాతగారూ, ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారు?"
ఆయన మనమరాలి వైపు చూశాడు.
"యాడ నేర్చుకున్యావని అడగతా ఉంది."
"బొక్కకాడ" అన్నాడు
ఇంకెక్కడన్నట్టు.

అకౌంట్స్ సెక్షన్లో గౌరవవేతనం ఫారం:
పేరు, హోదా, విద్యార్హత.
హోదా దగ్గర "ఆచార్యులు" అని రాశాను.
గుమస్తా తలెత్తి చూశాడు.
కొట్టేశాను.
ఆ కొట్టివేత మీద నా పొట్టి సంతకం కూడా ఉంది.

నా బ్యాగులోంచి అయిదొందలు తీసిస్తే
లెక్కపెట్టకుండా మడిచి పిల్ల చేతిలో పెట్టాడు.
బస్సులో పగుల్తుందని కుండ నాకిచ్చి
"మళ్ళొచ్చినప్పుడు తీసకపోతా" అన్నాడు.

ఫారం ఇవాళ తిరిగొచ్చింది.
ఎర్రసిరాతో: అర్హత పత్రం జతచేయలేదు.
గ్రూపు ఫోటో కూడా వచ్చింది. అందులో ఆయన లేడు,
ఆరోజుకి వెళ్ళిపోయాడు.
చెంగమ్మ కళ్ళు మూసుకుని పడింది.

బల్లకింద ఊడుస్తూ అటెండరు సుభాని
"ఏంది మేడం, ఈ కుండ ఇంకా ఈణ్ణే ఉండాదే" అన్నాడు.
ఉండనీ, అన్నాను.